మూడొందల ఏడో గదికి వచ్చిన గొర్రె

"మోసం వచ్చిందర్రా! మూడొందల ఏడూ! మోసం!"

మెట్ల కింద నుంచి పగ్మా అవ్వ వేసిన కేక మూడో అంతస్తు ఎక్కేసరికి ఇలాగే వినిపించింది. ఆవిడ మా ఆడపిల్లల హాస్టల్‌కి కాపలాదారు. ముందుపళ్ళు రెండూ ఊడి అప్పటికి నెల కావస్తోంది. మా చెవులేమో గదిలో కూడా నక్కతోలు టోపీల కింద దాక్కుని ఉన్నాయి. పళ్ళు లేని నోట్లోంచి బయల్దేరిన మాట మూసుకున్న చెవుల్లోకి చేరితే ఇంకెలా ఉంటుంది?

మోసం అంటే తనిఖీ అనుకున్నాం. మా గదిలో ఉన్న మోసం ఒక్కటే, మంచం కింది దొంగ కరెంటు పొయ్యి. దుల్మా దాన్ని దుప్పట్లో చుట్టేసి, పక్కలో వేసుకుని పడుకుని, జ్వరం వచ్చినదానిలా మూలగడం మొదలుపెట్టింది. పొయ్యి ఇంకా వేడిగానే ఉందేమో, మూలుగు చాలా సహజంగా వచ్చింది.

నేను మెట్ల కమ్మీ మీంచి కిందికి వంగి, వీలైనంత అమాయకంగా అడిగాను.

"ఎవరు చేశారవ్వా మోసం?"

"చెయ్యడమేంటే, నీ మొహం! ఎవరో కోశారు, ఎవరో పంపారు. మాంసం! గొర్రె! డ్రైవరు నా గుమ్మంలో పడేసి పోతానంటున్నాడు. వచ్చి మోసుకుపోండి!"

మోసం కాస్తా మాంసమయ్యేసరికి దుల్మాకి రోగం కుదిరింది. దుప్పటి తన్నేసి లేచింది. కానీ అందరికంటే ముందు మెట్లు దిగింది మా గదిలో మూడో పిల్ల ఖొర్లో. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి ఉత్త మేజోడు.

ఆ చలికాలం గొర్రె అంటే గొర్రె కాదు మరి. ఉత్తరం.

మా మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో చదువుకునే పల్లె పిల్లలందరికీ చలికాలంలో ఇంటి నుంచి మాంసం వస్తుంది. గడ్డకట్టిన గొర్రెను గోనెలో కుట్టి, అటువైపు వెళ్ళే డ్రైవరు ఎవరు దొరికితే వాడి చేతిలో పెడతారు. మేం దాన్ని కిటికీ బయట మేకుకు వేలాడదీసుకుని, వసంతం దాకా కోసుకు తింటాం. ఆ ఏడు మాత్రం మా హాస్టల్ గోడకి మేకులే ఎక్కువ కనిపించాయి, మూటలు తక్కువ. జుడ్ వచ్చింది. మంచు గడ్డిని మింగేసి, పశువుల్ని నిలబెట్టి ఆకలితో చంపే ఏటిని మావాళ్ళు ఆ పేరుతో పిలుస్తారు. పిలవకుండానే వస్తుందనుకోండి.

ఖొర్లోదీ నాదీ ఒకటే జిల్లా, జవ్‌ఖాన్. వాళ్ళ మేతనేలకూ మా మేతనేలకూ మధ్య మూడు కనుమలు. దారులు మూసుకుపోయాయి. నవంబరు నుంచి ఇద్దరికీ ఇంటి కబురు లేదు. నా సంగతి సరే, ఇంట్లో అమ్మానాన్నలూ ఇద్దరు అన్నలూ ఉన్నారు. ఖొర్లోకి అమ్మ లేదు. ఉన్నది నాన్న షరవ్, రెండొందల గొర్రెలు.

ఆ పిల్ల చదివేది వాతావరణం. రోజూ పొద్దున్నే రేడియోలో ఏ జిల్లాలో మంచు ఎన్ని అంగుళాలో విని, గోడమీది పటంలో నీలం పెన్సిల్‌తో నింపేది. జవ్‌ఖాన్ మొదట లేతనీలంగా, తర్వాత ముదురు నీలంగా మారింది. చివరికి పెన్సిల్ ఒత్తిడికి ఆ చోట కాగితమే చిరిగిపోయింది.

"పరీక్షలు మొదలయ్యేలోపు గొర్రె రాకపోతే మంద పోయినట్టే" అని డిసెంబరులోనే తేల్చి చెప్పింది. "మంద పోతే నాన్న ఒంటరివాడే. నేను వెళ్ళిపోతా."

"వెళ్ళి మళ్ళీ వస్తావుగా?" అంది దుల్మా.

ఖొర్లో పెట్టె తెరిచి సర్దుకోవడం మొదలుపెట్టింది. మంద పోయిన ఇంటి నుంచి చదువుకి తిరిగొచ్చిన పిల్లను మేమెవరమూ చూడలేదు. గోడ మేకులకు ఉన్న చొక్కాలు పెట్టెలోకి వెళ్ళిపోయాయి. పరీక్షలు ఇంక అయిదు రోజులున్నాయనగా పగ్మా అవ్వ ఆ కేక వేసింది.

కింద డ్రైవరు మీసాల మంచు దులుపుకుంటున్నాడు.

"మూడొందల ఏడు, జవ్‌ఖాన్ పిల్ల. నాతో అంతే చెప్పారు."

గోనె మీద రాసిన పేరు తడిసి, సిరా అంతా నీలం కన్నీళ్ళలా కారిపోయింది. గది నెంబరు ఒక్కటే మిగిలింది.

"ఎవరిచ్చారన్నా నీకు?" ఖొర్లో అడిగింది.

"కనుమ దగ్గర ఇంకో లారీవాడిచ్చాడు. వాడికెవరిచ్చారో వాడినే అడగాలి. నేను గొర్రెల్ని మోస్తానమ్మా, వాటి వంశవృక్షాల్ని మొయ్యను."

"మూడొందల ఏడులో జవ్‌ఖాన్ పిల్లలు ఇద్దరున్నారు కదే..." అని పగ్మా అవ్వ మొదలుపెట్టేలోపే ఖొర్లో గోనెను కౌగలించుకుంది. గడ్డకట్టిన గొర్రెను కౌగలించుకుంటే ముళ్ళపందిని ముద్దుపెట్టుకున్నట్టే ఉంటుంది. అయినా వదల్లేదు.

"నాదే! మా నాన్న పంపాడు! మంద ఉందే యాంజ్మా! మా నాన్న బాగున్నాడే!"

"నీదే" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా. మా ఇంటి గొర్రె ఏనాడూ తెల్ల నెల పండక్కి, అంటే మా కొత్త సంవత్సరానికి, ముందు రాలేదు.

యాంజ్మా అంటే నేనే. సరస్వతీదేవికి మావాళ్ళు పెట్టుకున్న పేరది. ఆ పేరు నాకు పెట్టడం ఆవిడ అనుమతి తీసుకుని చేసిన పని కాదు.

ఆ మధ్యాహ్నం గదిలో పండగే. తలుపు గడియ పెట్టి, పొయ్యి బయటికి తీసి, గోనె విప్పాం. కిటికీ అద్దం మీద మంచు పూలు పూసి ఉంటే వాటిలోంచి దిగిన ఎండ గదంతా పాలరంగులో పరుచుకుంది. ఆ వెలుగులో దుల్మా ముక్కు కూడా అందంగా కనిపించింది.

"మొదటి ముక్క నిప్పుకి" అంది ఖొర్లో. ఇంట్లో నేర్పిన పద్ధతి కదా, తప్పితే ఎలా? ఓ చిన్న కొవ్వుముక్క తుంచి, కళ్ళు మూసుకుని, భక్తిగా ఎర్రటి కరెంటు తీగ మీద పెట్టింది. నిప్పు దేవుడు నైవేద్యం అందుకున్నాడు. చిటచిటమన్నాడు, భగ్గుమన్నాడు, మూడో అంతస్తు మొత్తానికీ కరెంటు తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఎవరే అది? ఏ గదే?" అని కింద నుంచి పగ్మా అవ్వ.

"దేవుడవ్వా!" అంది దుల్మా. అబద్ధం కాదుగా.

ఫ్యూజు తీగ మార్చి ముక్కలు పొయ్యి మీదకు ఎక్కించేలోపు, కుండలో పట్టేవి పట్టనివి వేరుచెయ్యడానికి నేను వెన్ను భాగం చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళకు అంటుకుపోయేంత చల్లగా ఉంది. పక్కటెముకలన్నీ కీళ్ళ దగ్గర శుభ్రంగా విడదీసి ఉన్నాయి. అన్నిటికంటే చివర, చిటికెన వేలంత చిన్న ఎముక మాత్రం వెన్నునే అంటిపెట్టుకుని ఉంది.

మా దగ్గర కత్తి పట్టిన ప్రతి మనిషికీ ఒక రాత ఉంటుంది. ఒకరు మెడను రెండు చేస్తారు, ఒకరు మూడు. మా నాన్న ఆ చివరి ఎముకను వదిలేస్తాడు. "అంత దూరం పోయే వెన్నుకి ఓ తోడుండాలి" అంటాడు. జవ్‌ఖాన్ మొత్తంలో అలా వదిలేసే మనిషిని ఇంకొకర్ని నేను చూడలేదు. కొవ్వు నింపిన పొట్టసంచి మూతికి గుచ్చిన పుల్లను కూడా చూశాను. రెండుసార్లు మెలితిప్పి, మొన లోపలికి దోపి ఉంది. పశువుల మధ్య పెరిగిన పిల్లకి నాన్న కోత తెలియకపోవడమంటే నాన్న చేతిరాత తెలియకపోవడమే.

ఆ గొర్రె మా నాన్న కోసినది. మా ఇంటి నుంచి వచ్చింది. నాకు వచ్చింది.

మాటల కోతల్లో నన్ను మించినవాళ్ళు మా కాలేజీలో లేరు. ఆ నిమిషంలో మాత్రం నన్ను కోసినా మాట రాలేదు. చివరికి ఎలాగో నోరు తెరిచి ఖొర్లో వైపు తిరిగాను.

ఖొర్లో పెట్టెలోంచి చొక్కాలు తీసి మళ్ళీ మేకులకు తగిలిస్తోంది. ఒక్కో చొక్కానూ దులిపి, భుజాలు సరిచేసి, ఎవరో కొత్త మనిషిని ఇంట్లోకి పిలుస్తున్నట్టు తగిలిస్తోంది. సన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది.

తెరిచిన నోరు ఊరికే మూయడం ఎందుకని ఓ ముక్క పెట్టుకున్నాను. అది ఉడికిందో లేదో ఇప్పటికీ గుర్తులేదు.

ఆ తర్వాత అయిదారు వారాలు కలలో నడిచినట్టే నడిచాయి. బయట మంచు, లోపల మంచం. ఆ రెండిటి మధ్య ఇరుక్కున్నది మా చదువు. తెల్లవారి తలుపు తీస్తే నిన్నటి దారి ఉండేది కాదు. నిన్నటి అడుగులూ, నిన్నటి మాటలూ, నిన్న జారిపడ్డ చోట మిగిలిన నా ఆకారమూ, అన్నిటినీ రాత్రికి రాత్రి ఎవరో తుడిచేసి తెల్లకాగితం పరిచినట్టుండేది. లైబ్రరీకి వెళ్ళే దారిలో మా కనురెప్పలు నెరిసిపోయేవి. ముగ్గురు ముసలమ్మలం లోపలికెళ్ళి, వేడి గొట్టం పక్కన కూర్చోగానే మళ్ళీ ఇరవయ్యేళ్ళవాళ్ళమైపోయేవాళ్ళం. ట్రాలీబస్సు అద్దాల మీద మందంగా పేరుకున్న మంచుకి బొటనవేలు ఆనించి కరిగిస్తే కాసింత ఊరు కనిపించేది. ఒక దీపస్తంభం, ఒక తెల్లగుర్రం మూపు, బొగ్గుపొగలో ఊపిరి వదులుతున్న ఒక గుంపు. రెండు స్టాపులు దాటేసరికి ఆ చిల్లు మళ్ళీ పూడుకుపోయేది. ఊరంతా మూగదైపోయి, మా బూట్ల కింద నలిగే మంచు ఒక్కటే మాట్లాడేది.

ఆ కలకి అడుగున ఒక రాయి ఉంది. నాకు మాత్రమే గుచ్చుకుంటోందనుకున్నాను. గొర్రె మాదైతే, ఖొర్లో ఇంటి నుంచి ఏమీ రానట్టే కదా. ఏమీ రాలేదంటే మంద లేదు. మంద లేకపోతే షరవ్ బాబాయి ఆ మంచులో ఒక్కడూ... అక్కడితో ఆలోచన ఆపి పుస్తకంలో తల దూర్చేదాన్ని. నేను ఒక్క మాట చెబితే ఆ పిల్ల ఆ పూటే బయల్దేరుతుంది. చెప్పకపోతే పరీక్షలు రాస్తుంది. తండ్రికీ కూతురికీ మధ్య నాలుగో కనుమలా నేను అడ్డం పడుకుని ఉన్నాను. ఆకారానికి సరిపోయేదాన్నే లెండి.

అన్నిటికంటే కష్టం భోజనాలు. ఖొర్లో మంచి ముక్కలన్నీ ఏరి నా గిన్నెలో వేసేది.

"తినవే."

"నువ్వు తినవే. నీ గొర్రె."

"నాదేంటి, మనందరిది. తొడముక్క నువ్వే తినాలి. నువ్వు తింటేనే నాకు అరుగుతుంది."

"నేను తింటే నీకెలా అరుగుతుందే?"

ముక్క నా గిన్నెలోంచి దాని గిన్నెలోకి, దాని గిన్నెలోంచి నా గిన్నెలోకి తిరిగి తిరిగి అలిసిపోయేది.

"మీ మర్యాదలు తేలేలోపు చల్లారిపోతుందే" అని మూడో చెంచా వచ్చి దాన్ని ఎత్తుకుపోయేది. దుల్మాది గోబీ ఎడారి. ఒంటెల గురించైతే ఒంటికాలి మీద నిలబడి ఉపన్యాసం ఇస్తుంది గాని, గొర్రెను గిన్నెలో తప్ప దగ్గర్నుంచి చూసి ఎరగదు. ఆ చలికాలం మా ఇద్దరి మొహమాటం తిని దుల్మా గుండ్రంగా తయారైంది.

ఖొర్లో మంచితనానికి నాకు ఏడుపొచ్చేది. దీనికి తెలియదు పాపం, నా గొర్రెనే నాకు వడ్డిస్తోంది, అనుకునేదాన్ని.

ఖొర్లో ఆఖరి పరీక్ష మౌఖికం. బల్ల మీద బోర్లించిన చీటీల్లోంచి ఒకటి తీసి, అందులో ఏముంటే దాని గురించి మాట్లాడాలి. నేను తలుపు బయట నిలబడి తాళంచెవి కన్నంలోంచి చూస్తున్నాను. ఖొర్లో చీటీ రెండుసార్లు చదివింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది. ఆమెకు వచ్చిన ప్రశ్న మంచుపొర అడుగున వేడి ఎంతుంటుందని. పైన మైనస్ నలభై డిగ్రీల చలి కోస్తున్నా, లోతైన మంచు కింద నేల అంత చల్లబడదని, అక్కడ ఎలుకలు తిరుగుతాయని, గడ్డివేర్లు బతికే ఉంటాయని చెప్పింది. మంచు కప్పేసిందంటే చంపేసిందని కాదు అంది. పుస్తకంలో ఉన్నదే చెప్పింది గాని, గొంతు పుస్తకంలోది కాదు. ముసలి ప్రొఫెసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పూర్తి మార్కులు.

బయటికొచ్చాక ఇద్దరం నది వైపు నడిచాం. గాలి లేదు. మంచు పడుతోందా, మేమే పైకి తేలిపోతున్నామా అన్నట్టు ఉంది. పెద్ద పెద్ద రేకులు తొందరేమీ లేకుండా దిగుతున్నాయి. గడ్డకట్టిన నది మీద ఎవరో ముసలాయన తెల్ల ఆవును నడిపించుకుపోతున్నాడు. ఆవు మంచులో కలిసిపోయి, తాడు పట్టుకుని ఆయనొక్కడే నడుస్తున్నట్టు కనిపించాడు.

ఇంక పరీక్షలు అయిపోయాయి. ఇప్పుడు చెప్పాలి.

"ఖొర్లో, నీతో ఓ మాట చెప్పాలే."

ఆమె టక్కున ఆగిపోయింది. "నేనూ నీతో ఓ మాట చెప్పాలి."

"అయితే నువ్వు చెప్పు."

"కాదు, నువ్వే ముందన్నావుగా. నువ్వు చెప్పు."

ఇద్దరం ఒకళ్ళ నెరిసిన కనురెప్పలు ఒకళ్ళం చూసుకుంటూ నిలబడ్డాం. వంతెన మీద ట్రాలీబస్సు గంట మోగింది. తర్వాతిది ముప్పావు గంటకు గాని రాదు. పరిగెత్తాం. ఎక్కి, అద్దానికి చెరో చిల్లూ చేసుకుని, చెరో వైపూ చూస్తూ కూర్చున్నాం.

తెల్ల నెల పండగ ఇంక మూడు రోజులుందనగా, ఓ పొద్దుటిపూట మా నాన్న తోళ్ళ లారీ ఎక్కి వచ్చాడు. మగవాళ్ళు మెట్లెక్కకూడదు కాబట్టి పగ్మా అవ్వ గదిలోనే కూర్చోబెట్టారు. కబురు విని నేను దిగాను. నా వెనకే ఖొర్లో. టీ వాసన పట్టుకుని దుల్మా.

నాన్న గడ్డం గడ్డకట్టి ఉంది. నీలం అంగీ మోకాళ్ళ దాకా తెల్లగా ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఈ ఒక్క చలికాలంలో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. నా తల దగ్గరికి లాక్కుని వాసన చూసి వదిలేశాడు, మా దగ్గర నాన్నల ముద్దు అదే.

పగ్మా అవ్వ ఉప్పు వేసిన పాల టీ గిన్నెలో పోసి రెండు చేతులతో అందించింది.

"చలికాలం సుఖంగా గడుస్తోందా?"

"సుఖంగానే గడుస్తోంది. మీకు సుఖంగా గడుస్తోందా?"

"మాకూ సుఖమే."

మొదటి గిన్నె మాటలు ఎప్పుడూ ఇవే. ఇల్లు కూలినవాడు కూడా ముందు సుఖంగానే ఉన్నానంటాడు. నిజం రెండో గిన్నెలో వస్తుంది.

రెండో గిన్నె పోశారు. నాన్న ఒక గుక్క తాగి, గిన్నె మోకాలి మీద పెట్టుకుని, నన్ను దాటి ఖొర్లో వైపు చూశాడు.

"గొర్రె చేరిందా తల్లీ?"

"నాన్నా, తప్పు నాదే, నేనే చెప్పలేదు..." అని నేను మొదలుపెట్టాను.

"బాబాయ్, నన్ను క్షమించండి, అది మీ గొర్రె అని నాకు తెలుసు..." అని సరిగ్గా అదే క్షణంలో ఖొర్లో మొదలుపెట్టింది.

ఇద్దరం ఆగిపోయి ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"నీకు తెలుసా?" అన్నాను.

"నీకూ తెలుసా?" అంది.

"నాకేం తెలీదు" అంది దుల్మా.

ఖొర్లో లేచి నిలబడింది. చేతులు రెండూ అంగీ మడతల్లో దాచుకుంది.

"మా నాన్న ఏ ఎముకనీ వదలడు బాబాయ్. వెన్నుకి చిట్టి ఎముక ఉండటం నేనూ చూశాను. అప్పటికే నాదీ నాదీ అని మూడంతస్తులూ అరిచేశాను. చొక్కాలు తగిలిస్తూ, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. చెబితే ఇంటికెళ్ళాలి. నాకు వెళ్ళాలని లేదు. మా నాన్న ఉన్నాడో లేడో తెలీకుండానే నాకు చదువుకోవాలనిపించింది. యాంజ్మా గొర్రె తిని పరీక్షలు రాశాను. అందుకే దానికి మంచి ముక్కలు వేశాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలీలేదు."

పగ్మా అవ్వ కెటిల్ పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

నాన్న టీ పూర్తిగా తాగాడు. గిన్నె అంచు నాలుకతో శుభ్రం చేశాడు. తొందరపడి మాట్లాడటం ఆయనకు చిన్నప్పట్నుంచీ రాదు. ఆ వాటా కూడా కలిపి నాకు ఇచ్చేశారు.

"గొర్రె నీదేనమ్మా."

"కాదు బాబాయ్, ఆ కోత..."

"కోత నాది. గొర్రె నీది. మీ నాన్న మందలోది. చెవి మీద మీ మంద గాటు నేను చూశాగా, కోసిందే నేనైతేను."

అప్పుడు చెప్పాడు, మధ్యమధ్య ఆగుతూ. డిసెంబరులో షరవ్ బాబాయి మేత కోసం మందను తోలుకుని కనుమలు దాటాడు. మూడో కనుమలో తుపాను పట్టుకుంది. మా గుడారం కనిపించేసరికి ఆయన వెనక రెండొందల గొర్రెల్లో పన్నెండున్నాయి. కుడిచేతి వేళ్ళు మూడు గడ్డకట్టి పోయాయి. ఇప్పుడు ఆయన గుడారం మా గుడారం పక్కనే ఉంది. మా అమ్మ వండుతుంది, ఆయన మా అన్నల్ని జూదంలో ఓడిస్తున్నాడు.

"కత్తి పట్టలేడు కదా. పన్నెండింటిలో కాస్త కండ ఉన్నదాన్ని తనే పట్టుకొచ్చి నన్ను కొయ్యమన్నాడు. వద్దు షరవ్, మా దాంట్లోంచి ఒకటి పంపుతా అన్నాను. వింటేనా! 'మా మేత తిన్న మాంసం నా కూతురికి వాసనకే తెలుస్తుంది. వేరేది పంపితే పట్టేస్తుంది. ఏదీ పంపకపోతే చదువు మానేసి వచ్చేస్తుంది. ఇది చేరితే మంద బాగుందనుకుని కూర్చుని చదువుకుంటుంది' అన్నాడు. ఇద్దరు ముసలాళ్ళం కూర్చుని వాసన దాకా ఆలోచించాం. కోత సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు."

ఖొర్లో ఏడుస్తూ నవ్వింది. రెండూ ఒకేసారి రావడంతో ముక్కు ఎటు తుడుచుకోవాలో తెలియలేదు.

"మరి నాకెందుకు పంపలేదు నాన్నా?" అన్నాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా.

"ఆ గదిలో ముందే మూడు గొర్రెలున్నాయని విన్నాను."

నాన్న అంగీ రొమ్ములోంచి ఒక చిన్న మూట తీసి ఖొర్లో చేతిలో పెట్టాడు. గొర్రెతోలు చేతి తొడుగులు, బొచ్చు లోపలికి పెట్టి కుట్టినవి. ఖొర్లో వాటిని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి, తిప్పి తిప్పి చూసింది. కుట్లు ఎక్కడా వరసలో లేవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకచోట దారం అదే రంధ్రంలోకి నాలుగుసార్లు పోయింది.

"ఇది ఎవరి చెయ్యో నాకు తెలియట్లేదు బాబాయ్."

"మీ నాన్నదే. ఎడం చెయ్యి. ఇప్పుడే నేర్చుకుంటోంది."

ఖొర్లో ఆ కుట్ల మీద వేలితో మెల్లగా, మొదటి నుంచి చివరి దాకా, కొత్త అక్షరాలు కూడబలుక్కున్నట్టు తడుముకుంటూ వెళ్ళింది. చివరి ముడి దగ్గర ఆగింది.

"నేను రానా?"

"ఇప్పుడొస్తే ఆయనాడిన అబద్ధం పాడవుతుంది. వేసవిలో రా. నా కూతుర్ని కూడా తీసుకురా, దారిలో నోరు మూయించే పని నీది."

"సరే" అంది ఖొర్లో.

ఆ ఒక్క మాటతో గది గాలి కాస్త వెచ్చబడింది. దాని కోసమే కాచుకుని ఉన్నట్టు దుల్మా రెండు చేతులూ పైకెత్తింది.

"ఆగండి, ఆగండి! నాకు ఎవరైనా మొదట్నుంచీ చెప్తారా? గొర్రె ఎవరిది? కోసిందెవరు? యాంజ్మాకి ఏం తెలుసు? ఈ పిల్ల ఏమనుకుంది? నేనింతకాలం ఎవరిది తిన్నాను?"

అప్పటికి గుమ్మంలో సగం హాస్టల్ నిలబడి ఉంది. వెనకవాళ్ళు ముందువాళ్ళని ఏమైందే, ఏమైందే అంటున్నారు. "తల్లి గొర్రె పారిపోయిందట" అని ఎవరో అప్పుడే ఓ కొత్త కథ మొదలుపెట్టారు.

ఖొర్లో తొడుగులు వేసుకుని నేల మీద కూర్చుంది. పగ్మా అవ్వ టీ గిన్నెలు మూడు బోర్లించి వరసగా పెట్టింది. చక్కెర బిళ్ళల డబ్బా దగ్గరికి లాక్కుంది.

"ఇవి మూడు కనుమలు. అటు మేము, ఇటు యాంజ్మావాళ్ళు. ఇవి మా గొర్రెలు" అని తొడుగుల చేతులతో ఒక్కో బిళ్ళనూ కష్టపడి పట్టుకుని, కనుమలు దాటించి, ఇటువైపు పన్నెండు పేర్చింది. ఒకటి వేరుచేసి మా నాన్న ముందు పెట్టింది. "ఇది మా నాన్న పట్టిచ్చింది. కోసింది బాబాయి. అందుకని యాంజ్మా చూసి తనదనుకుంది, నేను చదువు మానేసి వెళ్ళిపోతానేమోనని చెప్పలేదు. నేను చూసి దానిదనుకున్నాను, వెళ్ళాల్సొస్తుందని చెప్పలేదు. ఇద్దరం చూసింది నిజమే. ఇద్దరం అనుకున్నది తప్పు."

"అంటే మనం తిన్నది నీదే!" అంది దుల్మా.

"నాదే."

గుమ్మంలోంచి "ఓ..." అని పెద్ద నిట్టూర్పు వినబడింది. ముందువాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు, వాళ్ళు మెట్ల మీదివాళ్ళకు చెప్పారు. మూడో అంతస్తు దాకా గొర్రె సరైన చిరునామాకు చేరింది.

సందేహం తీరాక దుల్మాకి ఎప్పుడూ ఆకలేస్తుంది. నాన్న ముందున్న బిళ్ళ తీసి నోట్లో వేసుకుంది. అది కరిగాక చెయ్యి ఇంకోదాని మీదికి పోయింది.

ఆ చెయ్యి మీద గొర్రెతోలు తొడుగు ఒకటి టపీమని పడింది.

"పదకొండే ఉన్నాయి" అంది ఖొర్లో. "ముట్టుకోకు."